మావాడి ఐడీ, నా నల్ల అట్ట పుస్తకం

రాత్రి అన్నాల దగ్గర మావాడు కంచంలో చారు అలాగే ఉంచి, వేలితో అంచు చుట్టూ గీతలు గీస్తున్నాడు. పదో తరగతి. మామూలుగా ఐదు నిమిషాల్లో తినేసి ఫోను పట్టుకుని మేడెక్కేస్తాడు. ఆ పూట కదల్లేదు. మా అమ్మ "ఏట్రా, ఒంట్లో బాగోలేదా?" అని నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. నేను లేచి చెయ్యి కడుక్కుంటుంటే వెనకాలే వచ్చి నిలబడి, కుళాయి చప్పుడులో కలిసిపోయేంత చిన్న గొంతుతో అన్నాడు: "నాన్నా, నా ఐడీ పోయింది."

ఏ ఐడీ అన్నాను. ఆధారా, స్కూలు కార్డా? గేము ఐడీ అట. నాకు నవ్వొచ్చేసింది. ఆ నవ్వు చూసి వాడు చెప్పాల్సిన రెండో ముక్క మింగేశాడు. అది మర్నాడు దుకాణం తెరిచాక గానీ బయటికి రాలేదు. ఐడీ పోయి అప్పటికే తొమ్మిది రోజులట. దాంతోపాటు వాడి మెయిలు కూడా పోయింది.

ఈ పోస్టంతా ఆ తొమ్మిది రోజుల గురించే. జీమెయిల్‌లోకి ఎవరైనా చొరబడి రికవరీ ఫోనో, రికవరీ మెయిలో (పాస్‌వర్డు మర్చిపోతే కోడు వచ్చే చోట్లు) మార్చేస్తే, పాత నంబరుకో పాత మెయిలుకో కోడు తెప్పించుకుని ఖాతాని వెనక్కి లాక్కునే అవకాశం ఏడు రోజుల వరకు ఉండొచ్చు. ఆ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. మావాడు నోరు విప్పింది తొమ్మిదో రోజు రాత్రి.

అంకెలుండాలి, గుర్తులుండాలి, ఎవరికీ చెప్పకూడదు లాంటివి మీకు తెలుసు, నాకూ తెలుసు. దుకాణానికి వచ్చినవాళ్లకి రోజూ చెబుతాను కూడా. నేను ఇక్కడ వాదించేది వేరే సంగతి. మా ఇంట్లో పోయినదాంట్లో సగం, పాస్‌వర్డు పనికిమాలినది కాబట్టి పోయింది. మిగతా సగం, పోయిందని చెప్పడానికి వాడికి నోరు రాక పోయింది. ఈ రెండో సగం తప్పు నా లెక్కలో రాసుకోవాలి.

అన్న

నాది పర్లాకిమిడిలో కోటకి పోయే దారిలో చిన్న జిరాక్సు దుకాణం. బోర్డు మీద జిరాక్సు అనే ఉంది. చేసేది మాత్రం స్కాలర్‌షిప్పు ఫారాలు, పీఎఫ్, రైలు టిక్కెట్లు, పాన్ కార్డులు, పరీక్ష ఫీజులు, ఎవరికేం కావాలంటే అది. ఊరు ఒడిశాలో, ఊరి చివర పాతపట్నం ఆంధ్రాలో. మావాడి సిమ్ము పాతపట్నంలో తీసింది, ఆధార్‌లో చిరునామా గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గేములో హిందీ. ఇలా మూడు భాషల్లో బతికే పిల్లాడు వాడు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే దొంగ దూరింది ఇక్కడినుంచే. వాడు ఆడేది నలుగురు జట్టుగా ఆడే తుపాకుల ఆట. పేరు చెప్పను, ఏ ఆటయినా ఒకటే. మాట్లాడుకుంటూ ఆడతారు. చెవిలో ఎప్పుడూ హిందీ అరుపులే. ఒకరోజు అందులో ఒక గొంతు "ఒరే, ఎనక్కి సూడ్రా, ఆడు గోడెనకాలున్నాడు" అందట. మావాడు ప్రాణం లేచొచ్చినట్టు చెప్పాడు ఈ మాట: "మన యాసే నాన్నా." అంతే, ఆ మనిషి అన్న అయిపోయాడు. పేరు తెలీదు, ఊరు తెలీదు, ముఖం చూడలేదు. నాలుగు నెలలు రోజూ రాత్రి కలిసి ఆడారు.

సీజను అయిపోయే ముందు అన్న అన్నాడట: "నీ ఐడీ ఓపాలి ఇయ్యి, రెండ్రోజుల్లో ర్యాంకు పైకి తోసీసి ఇచ్చీస్తాను." దీన్ని ర్యాంక్ పుష్ అంటారు. డబ్బు తీసుకుని చేసేవాళ్లున్నారు, ఇతను ఊరికే చేస్తానన్నాడు. మావాడు ఇచ్చాడు. రెండు రోజులు అన్న నిజంగానే ఆడిపెట్టాడు, ర్యాంకు పెరిగింది కూడా. మూడో రోజు రాత్రి మావాడి ఫోనులో ఆట దానంతటదే బయటికి వచ్చేసింది. మళ్లీ లాగిన్ అవుదామంటే పాస్‌వర్డు తప్పు. మెయిలుకి వెళ్దామంటే అక్కడా తప్పు.

రెండింటికీ ఒకటే పాస్‌వర్డు. మా వీధి కుక్క పేరు, మధ్యలో ఎట్ గుర్తు, వాడి పుట్టిన ఏడాది. పెద్దక్షరం ఉంది, గుర్తుంది, అంకెలున్నాయి. పెట్టేటప్పుడు తెర మీద 'బలంగా ఉంది' అని పచ్చగీత పడే ఉంటుంది. ఆ కుక్క పేరు మా వీధిలో చంటిపిల్లకి కూడా తెలుసు.

దీన్ని వాడి తెలివితక్కువతనం అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు. మోసమంటే తప్పుల తడక ఇంగ్లీషులో వచ్చే లింకు అనుకుంటాం, ఉచిత డైమండ్లు అంటే నొక్కకూడదని పిల్లలకి నేర్పాం. మావాడు అలాంటి లింకు ఒక్కటీ నొక్కలేదు. మన యాసలో మాట్లాడే అన్న నాలుగు నెలలు తోడుగా ఆడి అడిగితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగితే కాదనడం మన ఇళ్లలో పొగరు. పక్కింటివాళ్లు బండి తాళం అడిగితే ఇస్తాం, వంటగ్యాసు సిలిండరు అడిగితే ఇస్తాం. పాస్‌వర్డు ఇవ్వననడానికి మొహమాటం అడ్డొస్తుంది. నా ఏటీఎం పిన్ను మా బావమరిదికి తెలుసు. మార్చుకోవచ్చు. మారిస్తే ఏమనుకుంటాడోనని మార్చలేదు.

వాళ్లమ్మ మాట

మా ఆవిడ వాదన సూటిగా ఉంటుంది. "పీడా వదిలీసింది. పరీక్షలకి ముందు దేవుడే తీసుకుపోయాడు. మళ్లీ దాన్ని తెచ్చి ఇస్తానంటారేటి?"

ఇందులో న్యాయం లేకపోలేదు. ఆ ఆటకి వాడు తగలేసిన రాత్రులు నేనూ చూశాను. వెనక్కి తెప్పించడానికి కూర్చుంటే ఇంకో సంగతి బయటపడింది. నా యూపీఐ చిట్టా తిరగేస్తే ఎనభై తొమ్మిది, డెబ్బై అయిదు, నూట యాభై తొమ్మిది, ఇలా చిన్న చిన్న మొత్తాలు ఏడాదిన్నర పొడుగునా ఉన్నాయి. రీచార్జి అనుకుని వదిలేసినవి. అన్నీ వాడి సైనికుడికి చొక్కాలు, తుపాకీకి రంగులు. ఆ క్షణం నాకూ "పోనీలే, మంచిదే అయింది" అనిపించింది.

కానీ మా ఆవిడ లెక్కలో ఒక తప్పుంది. పోయింది ఆట ఒక్కటే అనుకుంటోంది. మెయిలు కూడా పోయింది, ఆ మెయిలు తెరిచింది నేను. వాడు ఏడో తరగతిలో ఉండగా స్కాలర్‌షిప్పుకి మెయిలు కావాలంటే నా దుకాణం కంప్యూటర్లో మూడు నిమిషాల్లో తెరిచి, చేతిలో పెట్టి, ఆ కుక్క పేరు కూడా "గుర్తుండేది ఏదైనా పెట్టు" అని నేనే పెట్టించాను. తర్వాత వాడి ఆధార్ స్కానూ, నా బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, కుల ధ్రువపత్రం, అన్నీ ఫారాల కోసం ఆ మెయిలుకే పంపుకుని దించుకునేవాణ్ని. అంటే అన్న చేతికి ఆట ఒక్కటే చిక్కలేదు. మా ఇంటి కాగితాల సంచి కూడా చిక్కింది.

2009లో రాక్‌యూ అని సోషల్ నెట్‌వర్కుల్లో చిన్నాచితకా ఆటలు, అలంకారాలు చేసిపెట్టే కంపెనీ ఒకటుండేది. దాని దగ్గర దాదాపు 3.2 కోట్ల పాస్‌వర్డులు దాపరికం లేకుండా, రాసినవి రాసినట్టే పడి ఉండగా దొంగలు ఎత్తుకుపోయారు. అందులో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఆ జాబితా ఇప్పటికీ పాస్‌వర్డులు ఊహించే పనిముట్లకి మేత. ఆటే కదా అని జనం పెట్టిన పాస్‌వర్డుల్ని దొంగలు వాళ్ల మెయిళ్ల మీద, బ్యాంకుల మీద కూడా ప్రయత్నించి చూస్తారు. ఆట గది, పూజ గది వేరువేరు అని మనం అనుకుంటాం. రెంటికీ ఒకటే తాళం చెవి పెట్టినప్పుడు దొంగకి తేడా ఏముంది?

ఆట ఐడీలకి విలువ లేదనడం కూడా తప్పే. స్టీమ్ అనే ఆటల అంగడిని నడిపే వాల్వ్ కంపెనీ 2015 చివర్లో తనే చెప్పింది, నెలకి సుమారు 77,000 ఖాతాలు హైజాక్ అవుతున్నాయని. అప్పటికి అందులోని వస్తువులకి నిజమైన డబ్బు పలకడం మొదలైంది కాబట్టి. మావాడి ఐడీ ఎక్కడో టెలిగ్రామ్ గుంపులో అమ్మకానికి పెట్టి ఉంటారు. వాడి స్నేహితుడొకడు ఆ అమ్మకం ప్రకటన చూశానని కూడా చెప్పాడు.

చెప్పకపోవడం

"తొమ్మిది రోజులు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. నెమ్మదిగానే అడిగాను అనుకుంటున్నాను. వాడు నేల చూస్తూ "ఫోను లాగేసుకుంటారని" అన్నాడు. ఇంకా కాసేపాగి, "అమ్మ ఏడుస్తుందని" అన్నాడు.

ఫోను లాగేసుకునేవాళ్లమే. అందులో సందేహం లేదు. వాడి భయం అక్షరాలా నిజం. ఆ తొమ్మిది రోజులూ వాడు ఒక్కడే యూట్యూబులో వీడియోలు చూసి ఏదేదో చేశాడు. రికవరీ చేసిపెడతానన్న ఇంకో మనిషికి తన ఫోను నంబరు, పుట్టినరోజు కూడా ఇచ్చాడు. పోయిన చోటే వెతుక్కుంటూ రెండోసారి పోగొట్టుకున్నాడు.

మా వీధిలో ఒక మాస్టారున్నారు, రిటైరయ్యారు. ఈ సంగతి చెబితే ఆయన ఒప్పుకోలేదు. "భయం ఉండాలోయ్. నువ్వు ఏం పోగొట్టినా పరవాలేదంటే రేపు ఇల్లు రాసిచ్చి వస్తాడు." నేను చాలా సేపు ఆలోచించాను, ఎందుకంటే నేనూ ఆయన బెత్తం కిందే చదువుకున్నాను, నాకేం చెడు జరగలేదు.

కానీ ఇదే మాస్టారు గారు రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం నా దుకాణానికి వచ్చి బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తియ్యమన్నారు. తీస్తుంటే నాకు కనబడింది. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి సరఫరా ఆపేస్తాం అని ఎవడో ఫోను చేస్తే, వాడు చెప్పిన యాప్ దించుకున్నారు. మూడు విడతల్లో పింఛను డబ్బు పోయింది. అప్పటికి నెల దాటింది. సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేశారా అని అడిగాను. ఆ నంబరుకి ఎంత తొందరగా చేస్తే డబ్బు వెళ్లిన ఖాతాలో అంత మిగిలి ఉండగా నిలిపే అవకాశం. ఆయన ప్రింటు మడతపెట్టి జేబులో పెట్టుకుంటూ ఒకటే మాట అన్నారు: "మా అబ్బాయికి చెప్పకు."

డెబ్బై ఏళ్ల మనిషికి, ముప్పై ఏళ్లు బడి నడిపినాయనకి కొడుకు ముందు చిన్నబోతానన్న భయం. ఆయన్ని చూశాక కూడా భయం కాపాడుతుందని నేను ఎలా నమ్మాలి? భయం పిల్లాణ్ని తప్పు చెయ్యకుండా ఆపుతుందేమో, నాకు అనుమానమే, పోనీ ఒప్పుకుందాం. తప్పు జరిగాక మాత్రం ఆ భయం దొంగ తరఫున పని చేస్తుంది. వాడికి కావలసింది సమయం. మన ఇంట్లో సిగ్గు వాడికి ఆ సమయం ఇస్తుంది.

ఇది రాసి నేనేదో గొప్ప తండ్రినని మీరనుకోకముందే ఇంకో సంగతి చెప్పేయాలి. మావాడి మెయిలుకి రికవరీ మెయిలుగా నా దుకాణం మెయిలే ఉండేది. తర్వాత వెతికితే దొరికాయి, ఇంగ్లీషులో రెండు హెచ్చరికలు. కొత్త ఫోను నుంచి ఎవరో లాగిన్ అయ్యారు, మీరేనా? రికవరీ నంబరు మారింది, మీరేనా? మొదటి రోజు రాత్రే వచ్చాయి. ఆ మెయిలుకి రోజుకి వందకి పైగా ఉత్తరాలు వస్తాయి, నేను చూడలేదు. వాడు చెప్పకపోయినా నాకు తెలియాల్సింది. వాడు తొమ్మిది రోజులు మాట్లాడలేదు, నేను తొమ్మిది రోజులు చదవలేదు.

ఆ హెచ్చరిక తెలుగులో వచ్చుంటే కంట పడేదా అని ఒకటికి రెండుసార్లు అనుకున్నాను. గిడుగు రామ్మూర్తి గారు ఇదే ఊళ్లో పాఠాలు చెబుతూ, కొండకి పోయి అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, జనం మాట్లాడే భాషలోనే రాయండని పెద్దలతో తగువు పెట్టుకున్నారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వెళ్లిపోయి ఇన్నేళ్లయ్యాక, ప్రాణం మీదికొచ్చే మాట ఇంకా మనకి పరాయి భాషలోనే వస్తోంది. నా బద్ధకానికి ఇది సాకు అనిపిస్తే అనిపించనీయండి, కొంత సాకే.

మొదటి దొంగ

ఈ గొడవలో పడి పాస్‌వర్డులు ఎక్కడ పుట్టాయో చదివాను. 1960ల మొదట్లో ఎంఐటీలో ఒకే పెద్ద కంప్యూటరుని చాలామంది పంచుకునేవారు. ఎవరి ఫైళ్లు వాళ్లకి ఉండాలని ఫెర్నాండో కార్బటో బృందం మనిషికో పాస్‌వర్డు పెట్టింది. ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలే ఇచ్చారు, అతని పనికి చాలలేదు. 1962లో అతను పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలుని ప్రింటు తియ్యమని, యంత్రానికి ఆదేశాలిచ్చే పంచ్ కార్డు ఒకటి పెట్టాడు. యంత్రం అలాగే తీసి ఇచ్చింది! తోటివాళ్లకి కూడా కొన్ని పంచాడు. చాలా ఏళ్ల తర్వాత ఈ కథ తనే బయటపెట్టాడు.

నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, అతనికి కావలసింది ఇంకాసేపు కంప్యూటరు మీద కూర్చునే సమయం. మావాడికీ అంతే కావాలి. ఆ కార్బటోయే 2014లో, పాస్‌వర్డులు ఇంత పీడకలగా తయారయ్యాయని వాపోయాడు.

పుస్తకం

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన చోటికి వస్తున్నాను. దుకాణంలో కౌంటరు కింద నల్ల అట్ట లాంగ్‌బుక్కు ఒకటుంది. 2016 నుంచి రాస్తున్నాను. అందులో మా చుట్టుపక్కల నూట ఎనభై మంది దాకా పేర్లు, ఎదురుగా ఫోను నంబరు, దేనికి సంబంధించిందో, పాస్‌వర్డు. దేనికంటే దానికి జనం "నువ్వే రాసుకో బాబూ, నాకు గుర్తుండదు" అంటారు. మళ్లీ ఏడాది స్కాలర్‌షిప్పు రెన్యువలుకి వస్తారు, నేను పుస్తకం తీస్తాను. నాకది సేవ అనిపించేది. తెలుగులో రాసుకుంటాను కాబట్టి ఒడియావాళ్లెవరైనా తెరిచినా అర్థం కాదు. నా భద్రత ఏర్పాటంతా అదే.

మావాడి గొడవ తర్వాత ఒక వాన మధ్యాహ్నం కూర్చుని ఆ పుస్తకం మొదటినుంచి చదివాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పేరు, ఎట్, 123. ఇంకో పేరు, ఎట్, 123. మూడు నెలలకోసారి మార్చమని అడిగే సైటు పాస్‌వర్డు ఎదురుగా వరసగా కొట్టివేతలు: 123, 1234, 12345, పక్కన నా చేతిరాతతోనే 'ఈసారి 6 కలిపాను'. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం బిల్ బర్ అనే ఆయన రాసిన సలహాలనుంచే ఈ పెద్దక్షరం, గుర్తు, అంకె, తరచూ మార్పిడి నియమాలు ప్రపంచమంతా పాకాయి. 2017లో ఆయనే అందులో చాలావాటికి విచారిస్తున్నానన్నాడు. అదే ఏడాది నిస్ట్ కూడా, కారణం లేకుండా పదేపదే మార్పించొద్దు, గుర్తుల కంటే పొడుగు ముఖ్యం అని మార్చి రాసింది. నా నల్ల పుస్తకం చూపించి ఉంటే వాళ్లు ఇంకా ముందే మార్చేవారు.

"కాగితం మీద రాసుకోవడం తప్పా?" అని మీరడగొచ్చు. నేనైతే తప్పు కాదంటాను. బ్రూస్ ష్నైయర్ అనే భద్రతా నిపుణుడు 2005లోనే, రాసి పర్సులో పెట్టుకోండి, చిన్న కాగితాలు కాపాడుకోవడం మనకి వచ్చిన విద్యే అన్నాడు. ఎక్కడో కూర్చున్న అన్న మా ఇంటి బీరువా తెరవలేడు. మా అమ్మ బీరువాలో చీరల కింద పుస్తకంలో రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. తేడా ఎక్కడొస్తుందంటే, నా పుస్తకంలో ఉన్నది నాది కాదు. నూట ఎనభై మందివి. ఆ అన్నకీ నాకూ ఉన్న తేడా, నేను ఇంతవరకు ఏమీ చెయ్యకపోవడం ఒక్కటే. జనం నాకెందుకిచ్చారు? నాదీ వాళ్ల యాసే కాబట్టి.

వెనక్కి వచ్చింది, రానిది

ఐడీ తిరిగొచ్చింది. ఇరవై ఆరు రోజులు పట్టింది. గేము కంపెనీ సాయం పేజీలో రాస్తే మొదట యంత్రం జవాబు, తర్వాత ఆధారాలు చాలవని జవాబు. మూడోసారి రాసేటప్పుడు మావాడు, నేను దుకాణం మూసేశాక పక్కపక్కన కూర్చున్నాం. ఆటలో వాడి అంకెల ఐడీ వాడికి నోటికొచ్చు. మొదట ఏ ఫోనులో ఆడాడు, ఏ నెలలో మొదలెట్టాడు, మొదటి పేరేంటి, ఇవన్నీ అన్నకి తెలియనివి. రెండేళ్ల నాటి వాట్సాప్ స్టేటస్ బొమ్మొకటి వాడి స్నేహితుడి ఫోనులో దొరికింది. ఇక కొన్న రసీదులు. గూగుల్ ప్లే పంపే, జీపీఏ అని మొదలయ్యే ఆర్డరు నంబర్లున్న మెయిళ్లన్నీ పోయిన మెయిల్లోనే ఉండిపోయాయి, కానీ డబ్బు కట్టింది నా యూపీఐ నుంచి కదా. నన్ను మండించిన ఆ ఎనభై తొమ్మిదులూ, డెబ్బై అయిదులే తేదీలతో సహా చివరికి సాక్ష్యం చెప్పాయి. మా ఆవిడకి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె చూసిన చూపు ఇక్కడ రాయను.

మెయిలు రాలేదు. అలవాటైన ఫోను నుంచి, అలవాటైన చోటి నుంచి ప్రయత్నిస్తే మేలంటారు, ఇంట్లోంచే వాడి ఫోనుతో ఎన్నిసార్లు ప్రయత్నించామో లెక్క లేదు. తప్పు మా ఆలస్యానిది. స్కాలర్‌షిప్పులో మెయిలు మార్పించాం, బ్యాంకుకి చెప్పాం, ఇంట్లో అందరి ఆధార్ బయోమెట్రిక్ లాకు వేశాం. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. ఇంకొకరి పాస్‌వర్డు మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సీ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మా పక్క దుకాణం ఆయన "ఆన్‌లైన్ ఆటలు మూసేశారు కదా, ఎదురు మీమీదే కేసు పెడతారు" అని భయపెట్టాడు. 2025లో వచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పందెం కాసే ఆటల్ని, ఇది అలాంటిది కాదని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

కొత్త మెయిలుకి మావాడు తనే పాస్‌వర్డు పెట్టుకున్నాడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు, ఇంట్లో ఎవరూ ఊహించనివి, నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. మెయిలుది వేరు, ఆటది వేరు. పైన రెండో తాళం, ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెల కోడు, వాడి ఫోనులో యాప్ ఇస్తుంది. ఫోను పోతే ఎలాగని, ముందుగా ఇచ్చే బ్యాకప్ కోడ్లు మాత్రం ప్రింటు తీసి మా అమ్మకి ఇచ్చాడు. చీరల కింద ఉన్నాయి.

ఐడీ తిరిగొచ్చిన మూడో రోజు ఆటలో వాడికి ఒక సందేశం వచ్చింది, హిందీలో. "భాయ్, ఈ ఐడీ నేను డబ్బులిచ్చి కొన్నాను. మొన్న పొద్దున్న పోయింది. నువ్వెవరు?" అడిగింది పిల్లాడే, రాసిన తీరు చూస్తే తెలుస్తోంది. కొనడం, అమ్మడం కంపెనీ నిబంధనలకి విరుద్ధం, చొక్కా కొన్నా దాన్ని వాడుకునే అనుమతి తప్ప సొంతం కాదంటారు, కాబట్టి ఆ అబ్బాయికి ఎవరూ జవాబుదారీ కాదు. మావాడు ఆ సందేశం నాకు చూపించి చాలాసేపు ఫోను అలాగే పట్టుకున్నాడు. తర్వాత "వాడు వాళ్లింట్లో చెప్పుంటాడా?" అన్నాడు. ఏం జవాబు రాయాలో తేలక, జరిగింది జరిగినట్టు రాశాడు, 1930 సంగతి కూడా. అటునుంచి మళ్లీ ఏమీ రాలేదు.

ఇక పుస్తకం. పోయిన నెల మొదలుకొని, వచ్చినవాళ్లకి వాళ్ల వరస చూపించి, ఫోనులో పాస్‌వర్డు మార్పించి, కొత్తది వాళ్లచేతే కాగితం మీద రాయించి ఇచ్చేస్తున్నాను. పుస్తకంలో ఆ వరస నల్లసిరాతో కొట్టేస్తున్నాను. నలభై దాకా అయ్యాయి. కొందరికి కోపం వచ్చింది. "ఏం, నామీద నమ్మకం లేదా?" అన్నాడొకాయన, నిజానికి నన్ను నమ్మాల్సింది తను. ఇద్దరు మరుసటి రోజే కాగితం పారేసుకుని వచ్చారు. ఒక్కొక్కరి దగ్గర అరగంట పడుతోంది, ముప్పై రూపాయల పనికి. మా ఆవిడ దీన్ని కూడా లెక్క కట్టింది.

శనివారం కొండమీదినుంచి ఒక సవర అమ్మ వచ్చింది. చింతపండు అమ్మి, మనవరాలి హాస్టలు ఫారం కోసం దిగింది. ఆవిడకి చదువు రాదు, వేలిముద్రే. నేను నా ఉపన్యాసం తెలుగులో మొదలెట్టి, ఒడియాలోకి మార్చి, చేతులతో చూపించి, కాగితం ముక్క చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలోనే పెట్టేసి, "నీ దగ్గరుంటే నయం బాబూ, మా ఇంట్లో ఎలకలు" అంది. సంచి సర్దుకుని బస్సుకి పోయింది.

ఆ వరస కొట్టెయ్యలేదు. పుస్తకానికి ఇనప్పెట్టె కొన్నాను, తాళం వేస్తున్నాను. తాళం చెవి ఎక్కడ పెడతానో మావాడికి తెలుసు.